వార్షిక నివేదిక 2025–26: ఓడ చదువులు, మన ఆడపిల్లలు

మన కాలనీ గౌరవ సభ్యులకు నమస్కారం.

మామూలు పనుల సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వీధి దీపాలు, కుక్కల బెడద, తాగునీటి టైమింగ్స్ గురించి కార్పొరేషన్‌కు ఇచ్చిన వినతిపత్రాల నకళ్లు ఫైల్లో ఉన్నాయి. దీపాలు వెలిగాయి, కుక్కలు అలాగే ఉన్నాయి. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఏ గొడవా లేకుండా జరిగింది. బీపీ, షుగర్ పరీక్షల శిబిరానికి ఎప్పటిలాగే ఆడవాళ్లు వచ్చారు, మగవాళ్లు తప్పించుకున్నారు. లెక్కలు ఆడిట్ అయ్యాయి, ప్రతి జతచేశాం.

అక్టోబరు నెలాఖరున మొంథా తుఫాను మాత్రం రెండు ముక్కల్లో అయ్యేది కాదు. ఆంధ్ర తీరం దాటిన తుఫాను మనల్నేం చేస్తుందిలే అనుకున్నాం. తెల్లారేసరికి నాలా పక్క లైన్లలో మోకాలి లోతు నీళ్లు. కమిటీ హాలు ఆ రోజు వంటశాల అయింది, పైఅంతస్తులున్న ఇళ్లవాళ్లు కింది ఇళ్లవాళ్లకు చోటిచ్చారు. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే ఎవరో ఒకరు తప్పిపోతారు కాబట్టి అందరికీ కలిపి కృతజ్ఞతలు. నాలా ఆక్రమణల మీద పెట్టిన అర్జీ ఇంకా కదలలేదు.

ఇక ఈ ఏడాది విద్యా కమిటీ చేసిన పని: ఓడల మీద ఉద్యోగాలకు పనికొచ్చే చదువుల గురించి మన ఆడపిల్లలకు చెప్పడం. దీని మీద సభ్యుల్లో గుసగుసలున్నాయని తెలుసు. "సముద్రమే లేని ఊళ్లో ఓడల చదువులేంది?" అని ముఖం మీదే అడిగినవాళ్లున్నారు. తుఫాను వచ్చిన ఆ వారం మాత్రం ఎవరూ అడగలేదు. చరిత్ర సంగతికొస్తే, మన ఓరుగల్లు నుంచే ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. ఇకమీదట అలా జరగదు, నిర్ణయించిన సుంకం కడితే చాలు అని ఓడ వర్తకులకు అభయమిచ్చిన శాసనమది. కాబట్టి ఓడలతో మనకేం పని అనే మాట పక్కన పెడదాం.

మొదలైంది ఇలా. మూడో లైనులోని మన సభ్యుల అమ్మాయి కోల్‌కతాలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో మెరైన్ ఇంజినీరింగ్ బీటెక్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు పక్కింటి ఇంటర్ పిల్లలు చుట్టూ చేరి అడిగిన ప్రశ్నలు విని, ఇవేవో అందరి ముందు అడిగితే బాగుంటుంది కదా అని ఒక ఆదివారం హాల్లో కూర్చోబెట్టాం. కుర్చీలు చాల్లేదు. పిల్లలకంటే తల్లులే ఎక్కువమంది వచ్చారు.

ముందు ఆ అమ్మాయి వినాయక మంటపానికి వాడే తాడు తెమ్మంది. స్తంభం చుట్టూ తిప్పి చిన్న మెలి వేసింది, కొసను అందులోంచి పైకి తీసింది, అసలు తాడు వెనక నుంచి తిప్పి మళ్లీ అదే మెలిలోకి దింపి బిగించింది. దీన్ని బోలైన్ ముడి అంటారట. కాజీపేట రైల్వేలో రిటైరైన మన పెద్దాయన ఒకరు లేచి, ఇద్దరు కుర్రాళ్లను కలుపుకొని గట్టిగా లాగారు. ముడి జారలేదు. ఆ అమ్మాయి వేలితో ఒక్క నెట్టు నెట్టగానే ఊడివచ్చింది. బరువు పడితే జారకూడదు, పని అయ్యాక మొండికేయకూడదు, ఓడ మీద ముడికి ఆ రెండే పరీక్షలని చెప్పింది. మా మంటపం తాళ్లను ఏటా కత్తితో కోస్తున్నామన్న సంగతి అప్పుడు కోశాధికారి గారికి గుర్తొచ్చింది.

తర్వాత చదువు సంగతులు. ఎంపీసీ చేసినవాళ్లకు ఓడ మీద రెండు దారులు. ఒకటి డెక్ వైపు: ఓడను నడిపే పని, కేడెట్‌గా, అంటే శిక్షణలో ఉన్న ఆఫీసర్‌గా మొదలై థర్డ్ ఆఫీసర్, సెకండ్, చీఫ్ ఆఫీసర్, చివరికి కెప్టెన్. దీనికి మూడేళ్ల బీఎస్సీ నాటికల్ సైన్స్ ఉంది, లేదా ఏడాది డిప్లొమా చేసి పద్దెనిమిది నెలలు సముద్రం మీద శిక్షణ పొందాలి. రెండోది ఇంజిన్ వైపు: నాలుగేళ్ల మెరైన్ ఇంజినీరింగ్, ఆ తర్వాత పరీక్షలు రాసుకుంటూ చీఫ్ ఇంజినీర్ దాకా. మామూలు మెకానికల్ బీటెక్ అయిపోయినవాళ్లకు కూడా ఏడాది కోర్సుతో ఇంజిన్ వైపు వెళ్లే దారి ఉంది, ఎలక్ట్రికల్ వాళ్లకు ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ కోర్సు ఉంది. మన కాలనీలో బీటెక్ అయి ఇంట్లో కూర్చున్న అమ్మాయిల తల్లిదండ్రులు ఈ వాక్యం మరోసారి చదవాలి.

ఆ అమ్మాయి చదివే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ (ఐఎంయూ) 2008 చట్టంతో ఏర్పడిన కేంద్ర విశ్వవిద్యాలయం. ప్రధాన కార్యాలయం చెన్నైలో, మనకు దగ్గరి క్యాంపస్ విశాఖలో, గోదావరి ఎక్కితే దిగేంత దూరం. ప్రవేశానికి దేశమంతటికీ ఒకటే పరీక్ష, ఐఎంయూ సెట్: కంప్యూటర్ మీద మూడు గంటలు, రెండు వందల ప్రశ్నలు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి అరవై శాతం, ఇంగ్లిష్‌లో టెన్త్‌లోనైనా ఇంటర్‌లోనైనా యాభై శాతం ఉండాలి. ఆడపిల్లలకు వయసులో రెండేళ్ల సడలింపు ఉంది. చిక్కేమిటంటే పరీక్ష వేసవిలో వస్తుంది. మన పిల్లలు అప్పుడు ఎప్‌సెట్ టెన్షన్‌లో తలమునకలై ఉంటారు, కార్పొరేట్ కాలేజీలేమో దీని పేరైనా ఎత్తవు. తెలిసేసరికి దరఖాస్తు గడువు దాటిపోతుంది. మన దగ్గర ధైర్యానికి కొరత లేదు, కబురు వేళకు అందడానికే కొరత. నేను ఈ ఏడాది గమనించింది ఇదొక్కటే.

తల్లుల ప్రశ్నలు ఇంతకంటే సూటిగా ఉన్నాయి. "పడుకునేది ఎక్కడ? బాత్రూం ఎక్కడ? ఫోన్ కలుస్తదా? అందరూ మగోళ్లే ఉంటే ఎట్ల బిడ్డా?" దేనికీ ఆ అమ్మాయి నీళ్లు నమలలేదు. ఓడల మీద పనిచేసేవాళ్ల హక్కులకు 2006లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది, భారత్ 2015లో దానికి ఆమోదం తెలిపింది. దాని ప్రకారం ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరు గదులు, వేరువేరు బాత్రూంలు ఉండాలి. రోజులో కనీసం పది గంటల విశ్రాంతి ఉండాలి. ఇంటర్నెట్ సౌకర్యం గురించిన సవరణ 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. వేధింపులను ఎలా ఆపాలి, జరిగితే ఎలా స్పందించాలి అన్నది ఓడ ఎక్కే ముందు అందరూ చేయాల్సిన భద్రతా శిక్షణలో భాగమైంది, 2026 జనవరి 1 నుంచి ఇది అమల్లో ఉంది. మగవాళ్లు కూడా అది నేర్చుకొనే ఎక్కాలన్నమాట. కాగితం మీద ఉన్నదంతా ప్రతి ఓడ మీదా ఉంటుందని ఆ అమ్మాయి అనలేదు. అడిగే హక్కు, ఫిర్యాదు చేసే దారి ఉన్నాయని మాత్రం అంది. మన కమిటీ హాల్లో ఆడవాళ్ల బాత్రూంకు గొళ్లెం పెట్టించింది ఈ ఏడాదేనని సభ్యులకు గుర్తుచేస్తున్నాను.

"ఆడోళ్లు ఎవరైనా చేసిండ్రా?" అని అడిగిన అత్తమ్మకు రెండు పేర్లు చెప్పాం. సోనాలీ బెనర్జీ మన దేశంలో మొదటి మహిళా మెరైన్ ఇంజినీర్. 1995లో కోల్‌కతా కాలేజీలో చేరినప్పుడు పదిహేను వందల మంది కేడెట్లలో ఆమె ఒక్కతే అమ్మాయి. కెప్టెన్ రాధికా మీనన్‌ది కేరళ, రేడియో ఆఫీసర్‌గా మొదలై మర్చంట్ నేవీలో దేశంలోనే తొలి మహిళా కెప్టెన్ అయ్యారు. 2015 జూన్‌లో బంగాళాఖాతంలో ఇంజిన్ పాడై, లంగరు పోగొట్టుకొని కొట్టుకుపోతున్న చేపల పడవ ఒకటి ఆమె నడుపుతున్న చమురు ట్యాంకర్ ఓడ కంటపడింది. ఎగసిపడే అలల మధ్య అందులోని ఏడుగురినీ పైకి చేర్చారు. అందుకు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ సాహస పురస్కారం 2016లో ఆమెకు దక్కింది, ఆ పురస్కారం అందుకున్న తొలి మహిళ ఆవిడే. ఆ పడవ పేరు దుర్గమ్మ అని చెప్పగానే హాల్లో ఎవరో దండం పెట్టారు.

ఇవి విని అంతా తేలిక అనుకోవద్దు. 2021లో వచ్చిన అంతర్జాతీయ నివేదిక ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఓడల్లో పనిచేసే ఆడవాళ్లు సుమారు 24 వేలు, నూటికి ఇద్దరు కూడా కాదు. అదే ఏడాది మార్చిలో షిప్పింగ్ కార్పొరేషన్ వాళ్ల స్వర్ణ కృష్ణ ట్యాంకర్ అందరూ మహిళా ఆఫీసర్లతో బయల్దేరింది, కానీ అది వార్త అయిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. అసలు ఇరుకు క్యాంపస్ సీటు దగ్గర లేదు, తర్వాత ఉంది. చదువు పూర్తయ్యాక ఓడ మీద శిక్షణకు ఏదో ఒక కంపెనీ తీసుకుంటేనే ఆఫీసర్ అర్హత సర్టిఫికెట్ పరీక్ష రాయగలరు. అమ్మాయిలను తీసుకునే కంపెనీలు పెరుగుతున్నా, ఇంకా వెనకాడేవి ఉన్నాయి. అందుకని ఫీజు కట్టే ముందు కాలేజీని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: గత బ్యాచ్‌లో అమ్మాయిలను ఏ కంపెనీలు ఓడ ఎక్కించాయి? దానికి సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.

ఫీజు ఏడాదికి రెండు లక్షల పైమాటే. లోన్ కోసం ఒక కుటుంబంతో పాటు నేనూ బ్యాంకుకు వెళ్లాను. అక్కడి ఆఫీసర్ "నేవీ అంటే గవర్నమెంటే జీతమిచ్చి చదివిస్తది కదా, లోన్ ఎందుకు?" అన్నారు. యుద్ధనౌకల నేవీ వేరు, సరుకు ఓడల మర్చంట్ నేవీ వేరని చెప్పడానికే అర పూట పట్టింది. ఏడున్నర లక్షల దాకా విద్యారుణానికి ఆస్తి తాకట్టు అక్కర్లేదన్న నిబంధన ప్రింటు తీసుకెళ్లాక పని కదిలింది. ఆ ప్రింటు ఫైల్లో పెట్టాం.

ఇంకో కుటుంబం అనుభవం చేదుగా ఉంది. ఒక ఏజెంటు "ఆరు నెలల కోర్సు, తర్వాత డాలర్లలో జీతం" అని చెప్పి డబ్బు కట్టించుకున్నాడు. తీరా చూస్తే ఆ సంస్థకు డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ గుర్తింపే లేదు. ఫిర్యాదు రాయడంలో సాయపడ్డాం, డబ్బు ఇంకా రాలేదు. గుర్తింపున్న సంస్థల జాబితా, ఓడల్లోకి మనుషులను తీసుకునే కంపెనీలకు ఇచ్చే ఆర్‌పీఎస్ లైసెన్సు వివరాలు ఆ శాఖ వెబ్‌సైట్లోనే ఉంటాయి. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడగడమే చట్టవిరుద్ధం. ఎవరైనా అడిగితే ముందు మన హాలుకు రండి, తర్వాత బ్యాంకుకు వెళ్లండి.

ఈ ఏడాది చేసిన పనుల్లో నాకు బాగా తృప్తినిచ్చింది కంటి పరీక్ష. డెక్ వైపు వెళ్లాలంటే కళ్లజోడు లేకుండానే చూపు బాగుండాలి. ఇంజిన్ వైపు ఒక మేరకు అద్దాలకు ఒప్పుకుంటారు. రంగులు గుర్తుపట్టలేకపోతే రెండింటికీ పనికిరారు, ఎందుకంటే రాత్రిపూట ఎదుటి ఓడ ఎటు పోతోందో చెప్పేది దాని ఎరుపు, ఆకుపచ్చ దీపాలే. సీటు వచ్చాక మెడికల్‌లో ఇది బయటపడితే ఆ ఏడాది గంగలో కలిసినట్టే. కాబట్టి కోచింగ్ కంటే ముందు కంటి డాక్టరమ్మను పిలిపించాం. రంగురంగుల చుక్కల మధ్య అంకె దాగి ఉండే పుస్తకం పెట్టి ఒక్కొక్కరినీ చదివించారు. అమ్మాయిలందరూ చదివేశారు. సరదాగా వచ్చి కూర్చున్న ఒక తమ్ముడికి మాత్రం అంకె కనిపించలేదు. ఈ లోపం మగవాళ్లలోనే ఎక్కువ, ఆడవాళ్లలో చాలా అరుదని డాక్టరమ్మ వివరించారు. ఈ ఒక్క విషయంలో ప్రకృతి మన అమ్మాయిల పక్షమే.

కెప్టెన్ కావాలని పట్టుబట్టిన ఒక అమ్మాయికి అద్దాల నంబరు ఎక్కువ. ఆ సాయంత్రం బాగా ఏడ్చింది. తర్వాత వారం తనే వచ్చి, విశాఖ క్యాంపస్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ ఉందటగా, ఓడలను డిజైన్ చేసే చదువు, దానికి ఓడ ఎక్కక్కర్లేదు కదా అని అడిగింది. ఇప్పుడు దానికే చదువుతోంది. ఒడ్డు మీది ఉద్యోగాలు మనవాళ్లు అనుకునేదానికంటే ఎక్కువ: ఓడరేవుల నిర్వహణ, ఓడల తనిఖీ, షిప్‌యార్డులు, సముద్ర చట్టాలు, లాజిస్టిక్స్. హైదరాబాద్ సనత్‌నగర్‌లో కంటైనర్ డిపో ఉంది, సముద్రం లేకపోయినా అక్కడ జరిగేది ఓడ సరుకు పనే. ఎంపీసీ చదవనివాళ్లకు లాజిస్టిక్స్‌లో బీబీఏ ఉంది.

ఈత నేర్పించాలనుకున్నది సగమే జరిగింది. పూల్‌లో ఆడవాళ్లకు కేటాయించిన టైము కాలేజీ టైముతో కలవలేదు. ఉదయం పూట వేరే బ్యాచ్ అడుగుతూ ఉత్తరం రాశాం.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదన ఇది. ఇంటర్ మొదటి ఏడాదిలోనే కంటి పరీక్ష, డిసెంబరు నుంచి ఐఎంయూ సెట్ నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచడానికి ఇద్దరు సభ్యులు, పరీక్షకు వేరే ఊరు వెళ్లాల్సివస్తే అమ్మాయికీ తోడు వెళ్లే తల్లికీ రైలు ఖర్చులు. డబ్బు ఎక్కడిది అంటే, వినాయక చవితి నిమజ్జనానికి పెట్టే డీజే పద్దు నుంచి సగం ఇటు మళ్లించాలని కోరుతున్నాం. యువజన విభాగం అభ్యంతరం రాతపూర్వకంగా అందింది, దాన్ని కూడా సమావేశంలో చదివి వినిపిస్తాం. ఓటింగ్ చేతులెత్తే పద్ధతిలో ఉంటుంది. చందా బకాయి ఉన్నవాళ్లు ముందు కోశాధికారి దగ్గర రసీదు తీసుకొని కూర్చోవాలి.

– కార్యదర్శి
హనుమకొండ