రాత్రి షిఫ్ట్‌కి ఎవరిని పెట్టాలి?

కావలి,
ఆదివారం

ఒరేయ్ మావా,

ఎట్టున్నావురా? చీమకుర్తి ఎండల గురించి రెండు పేజీలు రాసి, అసలు సంగతి చివర నాలుగు లైన్లకు తోసేశావు. మీ గ్రానైట్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్ట్‌కి ఇంచార్జిని ఎంచాలి, ముగ్గురున్నారు, మీ మేనేజర్ గారు నాయకుడికి ఉండాల్సిన లక్షణాల పట్టిక రాసి నీ చేతిలో పెట్టారు. ఎత్తు, గొంతు, ధైర్యం, ఇంగ్లీషు, చురుకు, ఒక్కోదానికి పది మార్కులు. "కాలేజీలో నువ్వు చెప్పేది ఈ పాఠమే గదా, ఇది సరైందేనా?" అని అడిగావు. ఈ ప్రశ్న నాకెంత ఇష్టమో నీకు తెలుసు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ఆ పట్టిక వెనక చాలా పాత నమ్మకం ఉందిరా. 1840లో థామస్ కార్లైల్ అనే రచయిత లండన్‌లో ఉపన్యాసాలిస్తూ లోక చరిత్ర అంటే మహాపురుషుల చరిత్రేనన్నాడు. 1869లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఇంకో అడుగు వేసి, ప్రతిభ వంశంలోనే వస్తుందని పుస్తకం రాశాడు. తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి నాయకుల ఎత్తు, బరువు, తెలివి, మాటకారితనం అన్నీ కొలిచారు. 1948లో రాల్ఫ్ స్టాగ్‌డిల్ అనే పరిశోధకుడు అట్టాంటి 124 అధ్యయనాలు ముందేసుకుని కూర్చున్నాడు. తెలివి, బాధ్యత, చొరవ, నలుగురితో కలిసే గుణం నాయకుల్లో సగటున కాస్త ఎక్కువేనని తేలింది. కానీ ఫలానా గుణాలుంటే చాలు, ఎక్కడైనా నాయకుడే అనడానికి ఆధారం దొరకలేదు. ఒకచోట ముందు నిలబడ్డవాడు ఇంకోచోట నిలబడతాడన్న హామీ లేదన్నాడు.

మీ జిల్లాకి పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు గారినే చూడు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకుల ముందు రొమ్ము విరుచుకుని నిలబడ్డారు. అంత ధైర్యం ఎవరికుంటుంది? ఆయనే 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు, 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానంతో ఆ ప్రభుత్వం పడిపోయింది. ధైర్యం ఆయన్ని విడిచిపోలేదు. శాసనసభలో పార్టీల లెక్కలు సరిచూసుకుంటూ నెట్టుకురావడం వేరే పని. ఆయన మీద నాకున్న గౌరవం ఇసుమంతైనా తగ్గదు, ఆ మాట మాత్రం మనసులో పెట్టుకో.

అట్టాగని లక్షణాలన్నీ వట్టివేనని నేననడంలేదు. స్టాగ్‌డిలే 1974లో మరో 163 అధ్యయనాలు చూసి, పరిస్థితితో పాటు మనిషి గుణాలకూ విలువ ఉందని ఒప్పుకున్నాడు. 1991లో కిర్క్‌పాట్రిక్, లాక్ అనే ఇద్దరు పరిశోధకులు నాయకుడి గుణాలు ఆరు చెప్పారు: పట్టుదల, బాధ్యత తీసుకోవాలన్న కోరిక, నిజాయితీ, ఆత్మవిశ్వాసం, ఆలోచనాశక్తి, పనిలో పరిజ్ఞానం. ఎత్తూ లేదు, గొంతూ లేదు చూడు! ఇవి ఉన్నంత మాత్రాన చాలదని కూడా వాళ్లే అన్నారు.

నువ్వు గట్టిగా పట్టుకోవాల్సింది 2002లో టిమోతీ జడ్జ్ అనే పరిశోధకుడి బృందం తేల్చిన సంగతి. నలుగురిలో చొరవగా మాట్లాడే స్వభావానికీ నాయకత్వానికీ సహసంబంధం (రెండూ ఎంత కలిసి నడుస్తాయో చెప్పే లెక్క, పూర్తిగా కలిస్తే 1) 0.31 వచ్చింది, వాళ్లు చూసిన అయిదు స్వభావాల్లో అదే ఎక్కువ. ఆ 0.31ని వర్గం చేసి చూడు, నాయకత్వంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో పదో వంతు కూడా ఆ స్వభావంతో ముడిపడి లేదు. పైగా ఆ స్వభావం బాగా కలిసొచ్చేది "ఇతనే నాయకుడు" అని జనం కంట్లో పడటానికి. పని నడిపించడంలో అంత కలిసిరాదు. కంట్లో పడటం వేరు, నడిపించడం వేరు మావా! మీ పట్టిక కంట్లో పడేవాణ్ణే పట్టిస్తుంది.

మా కావలికి దగ్గరే కలిగిరి మండలం దూబగుంట. అక్కడ రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న కూలి ఆడవాళ్లు ఏకమై సారా అంగడి మూయించారు. ఆ కథ వాచకంలో పాఠమై ఊరూరా పాకింది. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా వేలంపాటలు సాగనివ్వలేదు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మీ పట్టిక పెడితే దూబగుంటలో ఆ ఆడవాళ్లకు ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ గారికి ఎన్ని మార్కులు వేసేవాళ్లు? ఇంగ్లీషు దగ్గరే ఆగిపోయేవాళ్లు. తలుచుకుంటేనే నాకు కష్టంగా ఉంటుంది, ప్రతి ఫ్యాక్టరీలో అట్టాంటివాళ్లు ఎందరు పక్కన మిగిలిపోతున్నారో అని.

కాబట్టి ఎత్తు, గొంతు కొట్టెయ్యమని మేనేజర్ గారికి నెమ్మదిగా చెప్పు. ఇంగ్లీషు ఆ షిఫ్ట్‌లో ఎవరితో మాట్లాడాలని? రాత్రి పనిచేసేవాళ్లని ఒక్కొక్కరిగా పక్కకు పిలిచి అడుగు: మిషన్ ఆగిపోతే, ఎవడికన్నా దెబ్బ తగిలితే, మొదట ఎవరి దగ్గరికి పరిగెత్తుతారని. తర్వాత ముగ్గురికీ వంతులవారీగా కొన్నాళ్లు షిఫ్ట్ అప్పజెప్పి చూడండి. రాయి ఎంత పాడైంది, గొడవలు ఎట్టా తీర్చాడు, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడా అని చూస్తే చాలా తెలుస్తుంది.

నీ రాతను బట్టి ఆ మూడోవాడి మీద నాకు గురి కుదిరింది, పెద్దగా మాట్లాడడన్నావే, అతను. కానీ ఇంచార్జి పని తనకు కావాలని అతను ఎప్పుడన్నా అన్నాడా? ఇష్టం లేనివాడి నెత్తిన పెడితే అతనికీ నరకమే, మీకూ నరకమే. అది కనుక్కుని వెంటనే రాయి. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ నేస్తం