మా నాన్న ఊపిరితిత్తుల గురించి కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

నేను మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రాజురా వైపు ఉంటున్న తెలుగువాణ్ణి. మా నాన్న 19 ఏళ్లు కంకర క్రషర్‌లో పనిచేశారు. ముఖానికి కట్టుకున్న తువ్వాలు సాయంత్రం దులిపితే గడప మీద తెల్లటి పొర పడేది. ఇప్పుడు ఆయన పడుకోలేరు. రాత్రంతా గోడకు మూడు దిళ్లు ఆనించుకుని కూర్చునే ఉంటారు. టీబీ అని రెండుసార్లు ఆరేసి నెలలు మందులు వాడించారు. ఏం పని చేసేవారని మాత్రం ఎవరూ అడగలేదు. చివరికి అడిగిన డాక్టరుగారు సిలికోసిస్ అన్నారు, అంటే రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే జబ్బు. అది నయమయ్యే జబ్బు కాదు.

1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ సిలికోసిస్ ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన జబ్బే. 2020 వృత్తి భద్రతా కోడ్ అనే కార్మిక చట్టంలో ఉచిత వార్షిక ఆరోగ్య పరీక్షల మాటా ఉంది. చేసేదెవరు? జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ అహ్మదాబాద్‌లో ఉంది. రోజుకూలీ అంత దూరం ఎలా వెళ్తాడు? కార్మికులందరికీ వృత్తి ఆరోగ్య సేవలు అందాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) 161వ ఒడంబడిక 1985 నాటిది. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

ఒక కార్యాలయంలో మూడు అర్జీలు పెట్టాను, రసీదులే మిగిలాయి. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

ఆ ఒడంబడికను ఆమోదించండి. జిల్లా ఆసుపత్రుల్లో వృత్తి జబ్బుల విభాగం పెట్టించండి, కాంట్రాక్టు కూలీలను కూడా చూడాలి. మావాళ్లు పని కోసం తెలంగాణకూ వెళ్తారు కాబట్టి ఆరోగ్య కార్డు రాష్ట్రం దాటినా చెల్లాలి.

మా తమ్ముడు ఇప్పుడు అదే క్రషర్‌లో ఉన్నాడు. వాడికి ఈ ఏడాదైనా ఒక ఎక్స్‌రే తీయించండి.