డిప్‌స్టిక్ తీసి చూడటానికి మీకు 74 రోజులు చాలలేదు

విశాఖపట్నం,
ఏప్రిల్ 2, 2026

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మా కారవాన్ (పడకలు, వంటగది ఉన్న వ్యాన్) ఇంజిన్ ఆయిల్‌లో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కలుస్తోందని జనవరి 18 నుంచి మొరపెట్టుకుంటున్నా మీ సంస్థ నుంచి ఒక్క మనిషి కూడా వచ్చి చూడకపోవడం గురించి.

అయ్యా,

ఇంజిన్ చెడిపోయిందన్న కోపంతో నేను ఈ ఉత్తరం రాయడం లేదు. యంత్రం అన్నాక ఎప్పుడో ఒకప్పుడు చెడిపోతుంది. లారీ మీద ముప్ఫై ఏళ్లు బతికిన తండ్రికి కొడుకుని, ఆ మాత్రం నాకు తెలుసు. చెడిపోయిందని చెప్పినప్పుడు వినే నాథుడు లేకపోవడమే నన్ను ఇంతదూరం తెచ్చింది. ఈ 74 రోజుల్లో మీ సంస్థకు చెందిన పదకొండు మందితో మాట్లాడాను. వారిలో ఒక్కరు కూడా బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ, బయటికి లాగి, దాని చివర ఏముందో చూడలేదు. అర నిమిషం పట్టే పని అది.

మొదటి నుంచి చెబుతాను. మీ దగ్గర ఏడు ఫిర్యాదు నంబర్లు ఉన్నా, జరిగింది మొత్తం ఒక్కచోట ఎవరూ రాసుకోలేదని మీ వాళ్ల మాటల్లోనే తేలింది.

జనవరి 18న విజయనగరానికి చెందిన ఒక కుటుంబాన్ని అరకు తీసుకెళ్తున్నాను. ముసలి దంపతులు, వాళ్ల కోడలు, ఇద్దరు పిల్లలు. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుండగా వేడి చూపే ముల్లు పైకి పోవడం మొదలైంది. అనంతగిరి చేరేలోపు బండి పక్కకు ఆపి, ఇంజిన్ చల్లారేదాకా ఆగి చూస్తే కూలెంట్ డబ్బా సగానికి సగం ఖాళీ. కింద రోడ్డు మీద ఒక్క చుక్క లేదు. గొట్టాలు పొడిగా ఉన్నాయి, రేడియేటర్ పొడిగా ఉంది. పోయిన కూలెంట్ ఎక్కడికి పోయినట్టు? డిప్‌స్టిక్ తీశాను. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీలా ఉంది. పైగా మట్టం పై గీత కన్నా రెండు వేళ్లు ఎక్కువ. వాడేకొద్దీ తగ్గాల్సిన ఆయిల్ పెరిగిందంటే అందులోకి ఇంకేదో వచ్చి చేరినట్టే కదా. ఆ కుటుంబాన్ని వేరే బండి ఎక్కించి, వాళ్ల డబ్బు మొత్తం తిరిగి ఇచ్చి, మా బండిని తాళ్లు కట్టి లాగించుకుని ఇంటికి తెచ్చాను. ఇంజిన్ మళ్లీ తిప్పలేదు. మీ ఇంజిన్ మీద నాకున్న శ్రద్ధ అది.

ఆ సాయంత్రమే మీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేశాను. చాసిస్ నంబరు అడిగారు, చెప్పాను. 48 గంటల్లో మా ప్రతినిధి మాట్లాడతారన్నారు. మూడో రోజు నేనే మళ్లీ చేశాను. కొత్త గొంతు, మళ్లీ చాసిస్ నంబరు, మళ్లీ మొదటి నుంచి కథ, మళ్లీ 48 గంటలు. అంకెలూ అక్షరాలూ కలిపి పదిహేడు ఉన్న ఈ నంబరు ఇప్పుడు మా ఎనిమిదేళ్ల పాపకు కూడా కంఠస్థం. నేను ఫోన్‌లో ఎన్నిసార్లు అప్పజెప్పానో దాన్ని బట్టి మీరే ఊహించుకోండి. నాలుగోసారి మాట్లాడిన అమ్మాయి మాత్రం శ్రద్ధగా వింది. "ఇంజిన్ స్టార్ట్ చేయకండి సర్, బేరింగులు పోతాయి" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. పై అధికారికి కలుపుతానని లైన్లో ఉంచింది. ఇరవై రెండు నిమిషాలు మీ సంస్థ పాట విన్నాను. తర్వాత లైను తెగిపోయింది. ఆ అమ్మాయి పేరు అడగనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. మీ సంస్థలో నా మాట అర్థం చేసుకున్నది ఆమె ఒక్కతే.

తర్వాత సర్వీస్ సెంటర్ దారి పట్టాను. బండి తెస్తేనే చూస్తామన్నారు. నడపకూడని బండిని ఎలా తేవాలి, మీరే లాగించుకు వెళ్లండి అన్నాను. దానికి కంపెనీ అనుమతి కావాలన్నారు. అనుమతి ఎవరివ్వాలంటే కాల్ సెంటర్ అన్నారు. కాల్ సెంటర్‌ను అడిగితే సర్వీస్ సెంటర్ అన్నారు. ఇద్దరూ మీ మనుషులే. మధ్యలో కాళ్లరిగేలా తిరిగింది నేను.

ఈలోగా గాజువాక ఆటోనగర్‌లో మా నాన్నగారి కాలం నుంచి తెలిసిన ముసలి మేస్త్రీని బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. ఆయన వచ్చీ రాగానే ఇంజిన్ ఎప్పుడు ఆపారని అడిగారు. తొమ్మిది రోజులైందన్నాను. "మంచిది, నీళ్లు అడుక్కి దిగి ఉంటాయి" అని బండి కిందికి దూరారు. సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) బోల్టును పూర్తిగా విప్పకుండా కాస్త వదులు చేసి, కింద స్టీలు గ్లాసు పట్టారు. ఆయిల్ రావాల్సిన చోట ముందుగా పచ్చటి కూలెంట్ వచ్చింది, సన్నటి ధారగా, ముప్పావు గ్లాసు. ఆ తర్వాత మజ్జిగ లాంటిది, ఆ తర్వాతే ఆయిల్. బోల్టు బిగించేసి, రెండు వేళ్ల మధ్య రాసి వాసన చూసి నాకూ చూపించారు. తియ్యటి వాసన. ఆ తర్వాత కూలెంట్ డబ్బా మూత తీసి టార్చి వేశారు. లోపల అంచు చుట్టూ గోధుమ రంగు జిగురు.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, మీ ఇంజినీర్లకు పనికొస్తుంది. ఇంజిన్ తిరిగేటప్పుడు ఆయిల్ ఒత్తిడి కూలెంట్ ఒత్తిడి కన్నా చాలా ఎక్కువ. కాబట్టి కూలెంట్‌తో ఆయిల్‌ను చల్లబరిచే ఆయిల్ కూలర్‌లో చీలిక ఉంటే ఆయిలే కూలెంట్‌లోకి పోతుంది. ఇంజిన్ ఆపగానే ఆయిల్ ఒత్తిడి సున్నాకు పడిపోతుంది. కూలెంట్ మాత్రం వేడి తగ్గేదాకా ఒత్తిడిలోనే ఉంటుంది, అప్పుడది ఎదురు తిరిగి ఆయిల్‌లోకి వస్తుంది. రెండు వైపులా మరకలు కనిపిస్తున్నాయి గనుక ముందు ఆయిల్ కూలర్‌నే అనుమానించాలన్నారు. అది కాకపోతే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే పొర. అదీ కాకపోతే హెడ్‌లోనో బ్లాకులోనో పగులు. ఏది అనేది నోటితో చెప్పే విషయం కాదట. రేడియేటర్ మూత దగ్గర చేతి పంపు బిగించి ఒత్తిడి పెట్టి, కింద సంపు విప్పేసి, చుక్క ఏ వైపు నుంచి జారుతుందో పడుకుని చూడాలట. ఆయిల్ కూలర్‌ను ఊడదీసి, గాలి పట్టి, నీళ్లలో ముంచితే బుడగలే చెబుతాయట. గ్యాస్కెట్ పోయిందో లేదో తెలియాలంటే కూలెంట్ డబ్బాలోని గాలిని నీలం రంగు పరీక్ష ద్రవంలోంచి పంపాలి, మండిన గ్యాసు ఉంటే ద్రవం రంగు మారుతుంది. ఇదంతా ఒక పూట పని అన్నారాయన. అయినా చేయనన్నారు. "నేను విప్పితే నీ వారంటీ పోతుంది నాయనా, కంపెనీ వాళ్లనే విప్పించు" అన్నారు. నా దగ్గర పైసా తీసుకోలేదు.

ఆ గ్లాసులో పట్టినదాన్ని ఒక గాజు సీసాలో పోసి, తేదీ రాసి, మర్నాడు మీ సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్లాను. అడుగున పచ్చగా, పైన గోధుమ రంగుగా రెండు పొరలు తేరుకుని కనిపిస్తున్నాయి. కౌంటర్ మీద పెట్టాను. అక్కడున్న యువకుడు కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా, "సర్, అది కౌంటర్ మీద పెట్టకండి, మరక పడుతుంది" అన్నాడు. నా కుటుంబం తిండి ఆ సీసాలో ఉంది. అతనికి మరక గురించి దిగులు.

లోపలి నుంచి వచ్చిన మేనేజరు మాత్రం సీసాను చూశారు. చూసి, బయటి మెకానిక్ బోల్టు ముట్టుకున్నాడు గనుక వారంటీ చెల్లదన్నారు. ఏ మనిషైతే నా వారంటీ కాపాడటం కోసం పని మానుకుని వెళ్లిపోయాడో, ఆ మనిషి పేరు చెప్పి నా వారంటీ తీసేశారు. దాచకుండా చెప్పింది నేనే. నిజం చెప్పినందుకు ఇది బహుమానం. మీకైనా ఇది న్యాయంగా అనిపిస్తోందా?

వారం తర్వాత కారణం మారింది. మీ చాసిస్ మీద పడకలు, వంటగది కట్టించాను గనుక బాడీ కట్టిన వాళ్లను అడగాలన్నారు. బాడీ కట్టిన వాళ్లు ఇంజిన్ జోలికే పోలేదు. వాళ్లు కట్టింది డ్రైవర్ సీటు వెనక. పైగా ఆ బాడీ కట్టేవారి చిరునామా నాకు ఇచ్చింది మీ షోరూమే. ఇంకో వారానికి మళ్లీ మారింది. మీ ప్రాంతీయ అధికారి ఫోన్‌లో, ఆయిల్ మూత కింద తెల్లటి నురగ చలికాలం తేమ వల్ల మామూలేనన్నారు. మూత కింద మాత్రమే ఉంటే తేమ కావచ్చు. తేమ వల్ల ఆయిల్ మట్టం రెండు వేళ్లు పెరుగుతుందా? తేమ వల్ల సంపు అడుగున పచ్చటి కూలెంట్ ముప్పావు గ్లాసు చేరుతుందా? ఆయిల్ మార్చి ఒక 500 కిలోమీటర్లు తిప్పి చూడమని ఆయన సలహా. ఘాట్ రోడ్డు మీద, వెనక పిల్లలు నిద్రపోతుండగా, ఏ క్షణంలో పట్టేస్తుందో తెలియని ఇంజిన్‌తో తిప్పి చూడాలా? అప్పుడు బేరింగులు అరిగి క్రాంక్ షాఫ్ట్ పోతే, నడిపింది నువ్వే కదా అని మీరే అంటారు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఫిబ్రవరి 10న ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది, "మీ ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని. బండి మా ఇంటి ముందు టార్పాలిన్ కింద ఉంది. ఎవరు పరిష్కరించారు? ఎవరు సంతృప్తి చెందారు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1998లో మా నాన్నగారు మీ లారీ కొన్నారు. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బంతిపూల దండతో ఆ లారీ పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. తర్వాత నేను కొన్న వ్యాన్ కూడా మీ కంపెనీదే. ఈ కారవాన్‌కు చాసిస్ ఏ కంపెనీది తీసుకోవాలని మా ఆవిడ అడిగితే, అదేం ప్రశ్న అన్నాను. ప్రతి దసరాకు ఆయుధపూజ రోజున మీ కంపెనీ గుర్తు ఉన్న బండి ముందు మా ఇంటిల్లిపాది దండం పెట్టాం. మా మాట విని మీ బండ్లు కొన్నవారు మా బంధువుల్లోనే నలుగురున్నారు. నిన్న వాళ్లలో ఒకాయన ఫోన్ చేసి రెండో బండి ఏది కొనమంటావని అడిగారు. ఏమీ చెప్పలేకపోయాను.

ఈ బండి తప్ప మాకు వేరే ఆధారం లేదు. నడిపేది నేనే, శుభ్రం చేసేది మా ఆవిడ. సంక్రాంతి తర్వాత తొమ్మిది బుకింగులకు అడ్వాన్సులు వెనక్కి ఇచ్చాను. వేసవి సెలవులు రాబోతున్నాయి, ఏడాది మొత్తంలో మేం నాలుగు రాళ్లు వెనకేసుకునేది ఆ రెండు నెలల్లోనే. నష్టపరిహారం ఎంత అనేది తర్వాత మాట్లాడుకుందాం. మీ సంస్థలో బాధ్యత గల మనిషి ఒకరు పరికరాలతో మా ఇంటికి రావాలి. నా కళ్ల ముందు ఆ పరీక్షలు చేసి, కూలెంట్ ఎక్కడి నుంచి దిగుతోందో కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. తప్పు నాదని తేలితే అదే రాయండి, నేను తల వంచుకుంటాను. చూడకుండా మాత్రం ఎవరూ నాకు ఏమీ చెప్పొద్దు.

ఏప్రిల్ 15 దాకా ఆగుతాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. వ్యాపారం కోసం కొన్న బండి అని తప్పించుకోవచ్చని మీ లాయర్లు చెబుతారేమో. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొన్నవాడిని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది. మీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి నేను రానక్కర్లేదని, నేనున్న చోటే కేసు వేయవచ్చని కూడా ఆ చట్టంలోనే ఉంది. కేసు తేలేదాకా ప్రతి ఆదివారం ఈ బండిని లాగించుకొచ్చి మీ షోరూమ్ ఎదురుగా రోడ్డు అవతల నిలబెడతాను. కొత్త బండి కొనడానికి వచ్చే ప్రతి ఒక్కరికీ డిప్‌స్టిక్ తీసి చూపిస్తాను. మీరు చూడనన్నది వాళ్లయినా చూస్తారు.

ఆ గాజు సీసా మా బీరువాలో, బండి కాగితాల పక్కన ఉంది. మీ మనిషి వస్తే ముందు అది చూపిస్తాను. రాకపోతే ఏప్రిల్ 16న దాన్ని కమిషన్‌కు పట్టుకెళ్తాను.

ఇట్లు,
28 ఏళ్లుగా మీ బండ్లనే నమ్ముకున్న కుటుంబం తరఫున,
మీ వినియోగదారుడు