ఐటీఐ పిల్లలకు సిమ్యులేటర్ మీద చేయి తిరగనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను బాలానగర్‌లో సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ ఆదేశాలతో నడిచే మెషిన్ల ప్రోగ్రామర్‌ని. ఐటీఐ పూర్తిచేసి మా షెడ్డుకి వచ్చే పిల్లలు మెషిన్‌కి ఇచ్చే ఆదేశాలైన జీ కోడ్‌లు అడిగితే గడగడా చెప్పేస్తారు, ప్రోగ్రామ్‌ని నడిపించే సైకిల్ స్టార్ట్ బటన్ నొక్కమంటే మాత్రం టెన్షన్ పడిపోతారు. వాళ్ల తప్పేం లేదు, క్లాసు మొత్తానికి ఒకటో రెండో మెషిన్లుంటే ఒక్కొక్కరికి ఎంతసేపు దొరుకుతుంది?

భయపడాల్సిన పనే అది. జీ00లో, అంటే కోత లేకుండా జరిగే ర్యాపిడ్ కదలికలో, నిమిషానికి 30 మీటర్ల వేగంతో కదిలే మెషిన్లు ఇప్పుడు మామూలే, అంటే సెకనుకి అరమీటరు, ఎమర్జెన్సీ బటన్ మీద చెయ్యి పడేలోపే టూల్ వెళ్లి ముక్కని పట్టి ఉంచే వైస్‌ని గుద్దేస్తుంది. టూల్ పొడవుని లెక్కలోకి తీసుకునే జీ43 పక్కన, ఏ పొడవు తీసుకోవాలో చెప్పే హెచ్ నంబరు తప్పు పడితే చాలు, జాబ్ (తయారవుతున్న ముక్క) పోతుంది, ఒక్కోసారి టూల్‌ని తిప్పే స్పిండిల్ బేరింగులూ పోతాయి. చిన్న షెడ్డు ఆ ఖర్చు నుంచి తేరుకోవడం చాలా కష్టం.

అందుకే ఈ తప్పులన్నీ ముందు కంప్యూటర్‌లో చేయనివ్వాలి. లినక్స్‌సీఎన్‌సీ అనే మెషిన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మోటార్లేవీ లేకుండానే సిమ్యులేషన్‌లో నడుస్తుంది, హోమింగ్ (యాక్సిస్‌లను మూల స్థానానికి తేవడం), ఆఫ్‌సెట్లు (టూల్, జాబ్ కొలతల సర్దుబాట్లు), ఒక్కో లైనూ నడిపి చూడటం అన్నీ అందులో నేర్చుకోవచ్చు. క్యామోటిక్స్ అనే సిమ్యులేటర్ కూడా ఉచితమే, మూడు యాక్సిస్‌ల ప్రోగ్రామ్ వేస్తే జాబ్ ఎలా తయారవుతుందో చూపిస్తుంది.

కాకపోతే సిమ్యులేషన్ ఏం చూడదో కూడా పిల్లలకు గట్టిగా చెప్పాలి. చాలామంది డ్రాయింగ్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేసే క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ తిరిగితే చాలనుకుంటారు, కానీ అది సాధారణంగా మెషిన్‌కి తగ్గట్టు కోడ్ రాసే పోస్ట్ ప్రాసెసర్‌కి ముందు దశ, మెషిన్ చదివేది దాని తర్వాత వచ్చే కోడ్‌ని. పరీక్షించాల్సింది ఆ కోడ్‌నే, అదీ మన కంట్రోల్ ఎలా చదువుతుందో అలాగే. ఎక్స్100 అని చుక్క లేకుండా రాస్తే లినక్స్‌సీఎన్‌సీ 100 మిల్లీమీటర్లనే అనుకుంటుంది, ఫానుక్ కంపెనీ కంట్రోళ్లు చాలావరకు 0.1 మిల్లీమీటరు అనుకుంటాయి. జాబ్‌ని బిగించే క్లాంపులు, టూల్‌ని పట్టే హోల్డర్ మోడల్‌లో పెట్టకపోతే వాటికి టూల్ తగిలినా తెరమీద ఏమీ కనబడదు. మెషిన్ మీద జాబ్ జీరో ఎక్కడో చెప్పే జీ54 తప్పుగా పెడితే ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు, కాబట్టి మొదటి పీస్ సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో లైనుకీ ఆగుతూ), ర్యాపిడ్ బాగా తగ్గించి నడపాల్సిందే.

అధికారులకు నా విన్నపం ఒక్కటే. ప్రాక్టికల్ పరీక్షలో కావాలని తప్పులు పెట్టిన ప్రోగ్రామ్ ఇచ్చి, సిమ్యులేటర్‌లో పట్టుకోమని అడగండి. ఇన్‌స్ట్రక్టర్లకు శిక్షణ ఇప్పించడానికి దూరం వెళ్లక్కర్లేదు, 1968లో మొదలైన కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ ఇక్కడే బాలానగర్‌లో ఉంది.

– ఒక సీఎన్‌సీ ప్రోగ్రామర్, బాలానగర్, హైదరాబాద్