రాబిన్ పిట్టకీ, కమ్యూనిటీ హాల్లో కడ్డీకీ ఏం సంబంధం?

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో జీవుల్లో క్వాంటమ్ వింతల (ఎలక్ట్రాన్ల లాంటి అతి చిన్న కణాల చేష్టల) గురించి వేసిన వ్యాసం చూసి ముందు సంతోషించాను. రాశిఫలాలు పోను సైన్సుకి అరపేజీ మిగలడమే ఈ రోజుల్లో గొప్ప. పేజీ తిప్పేసరికి ఆ సంతోషం కాస్తా పోయింది. వెనకే పావు పేజీ ప్రకటన. చేత్తో కడ్డీ పట్టుకుంటే చాలట, ‘క్వాంటమ్ ఎనలైజర్’ నిమిషంలో లివరు, కిడ్నీలు, కీళ్లు అన్నీ చదివేస్తుందట. వాళ్ల పొడి వాడితే షుగరు వేళ్లతో సహా పోతుందట!

అదే మెషీన్‌తో మా వార్డు కమ్యూనిటీ హాల్లో ఉచిత శిబిరం కూడా పెట్టారు. పరీక్ష ఉచితమే, పొడి డబ్బాలు మాత్రం కొనాలి. మా పక్కింటావిడ షుగరు మాత్రలు మానేసి ఇప్పుడు ఆ పొడే తాగుతోంది.

జీవుల్లో క్వాంటమ్ ప్రభావం లేదని నేననడం లేదు. యూరప్‌లోని రాబిన్ పిట్ట కంట్లో క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ ఉంది. నీలి కాంతి పడితే అందులో ఒక ఎలక్ట్రాన్ పక్కకి దూకుతుంది. అలా ఒంటరిగా మిగిలిన రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లను (ఎలక్ట్రాన్‌ని చిట్టి అయస్కాంతంలా చేసే గుణాన్ని) భూమి అయస్కాంత క్షేత్రం కాస్త అటూ ఇటూ చేస్తుందనీ, పిట్టకి దిక్కు అలా తెలుస్తుందనీ ఊహ. ఇలాంటి ఎలక్ట్రాన్ జంటల ఆలోచన 1978లో క్లాస్ షుల్టెన్ అనే శాస్త్రవేత్తది. 2021లో ఆ ప్రోటీన్ అయస్కాంతానికి స్పందిస్తుందని ల్యాబులో చూపారు, బతికున్న పిట్టలో కాదు. మీ వ్యాసం మాత్రం అంతా తేలిపోయిందని రాసేసింది.

పైగా సెల్ టవర్ల వల్ల పక్షులు దారి తప్పుతున్నాయని ఓ ముక్క అతికించారు. జర్మనీలో ఓల్డెన్‌బర్గ్ యూనివర్సిటీ చెక్క గదుల్లో రాబిన్లకి దిక్కు తోచకపోతే, బయటి రేడియో తరంగాలు లోపలికి రాకుండా గదులకి అల్యూమినియం రేకులు తొడిగి ఎర్త్ చేశారు. పిట్టలు మళ్లీ సరైన దిక్కు పట్టాయి. 2014లో వచ్చిన ఆ పరిశోధనలో గొడవ చేసినవి ఏఎం రేడియో స్థాయి తరంగాలు, సెల్‌ఫోన్‌వి కావు. ఇంత మంచి ప్రయోగాన్ని వదిలేసి టవర్ల కథ దేనికండీ?

ఇక అధికారులు. మున్సిపల్ ఆఫీసుకి వెళ్తే హాలు అద్దెకివ్వడం వరకే తమ పని అన్నారు. ఆరోగ్య శాఖ వాళ్లు కాగితం మీద రాసివ్వమన్నారు, ఇచ్చాను, రసీదు అడిగితే నవ్వారు. షుగరు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. దాన్ని అచ్చు వేయడంలో పాలుపంచుకున్నవాళ్లకీ అది వర్తిస్తుంది. మీకు తెలియదనుకోను.

అమరావతికి క్వాంటమ్ వ్యాలీ, అంటే క్వాంటమ్ కంప్యూటర్ల కేంద్రం, వస్తోందని హోర్డింగులు చూస్తున్నాం, రానివ్వండి. మా ఊరి హైస్కూల్లో సైన్స్ ల్యాబ్ బీరువా తాళం చెవి ఎవరి దగ్గరుందో మాత్రం ఎవరికీ తెలియదు. పిల్లలు అయస్కాంత సూచిని పుస్తకంలో బొమ్మగానే చూస్తున్నారు. కడ్డీ మెషీన్లకి జనం క్యూ కట్టరా మరి?

వచ్చే ఆదివారం కూడా ఆ ప్రకటన కనిపిస్తే పత్రిక కటింగుతో సహా కలెక్టరాఫీసు గ్రీవెన్సుకి వెళ్తాను. సోమవారం అక్కడ ఎవరో ఒకరు కూర్చునే ఉంటారుగా.

– విశ్రాంత ఫిజిక్స్ ఉపాధ్యాయుడు, తెనాలి