వయ్యారిభామను ఉత్త చేతులతో పీకించకండి

సంపాదకులకు,

మొన్న మా ఊళ్లో శుభ్రత కార్యక్రమం పేరుతో బడిపిల్లల చేత వయ్యారిభామ కలుపు మొక్కలు పీకించారు. ఒక్కరి చేతికీ గ్లౌజుల్లేవు. ఆ తెల్లపూలు ఒకరి మీద ఒకరు చల్లుకుని ఆడుకుంటున్నారు కూడా. చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

మిర్చి చేను గట్ల మీద నేనూ ఏళ్ల తరబడి దాన్ని ఉత్త చేతులతోనే పీకాను. ఏమీ కాలేదు. నాలుగేళ్ల కిందట మొదలైంది దురద. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు నల్లబడి, చర్మం తోలులా మందమైంది. ఒంటికి ఎండ సరిపడలేదనుకుని ఊళ్లో ఇచ్చిన ట్యూబు రాశాను. రాసినన్నాళ్లు తగ్గేది, మానేస్తే రెట్టింపయ్యేది. చివరికి నరసరావుపేటలో చర్మం డాక్టరు చొక్కా విప్పించి చూశారు. చొక్కా కప్పినంత మేరా ఒళ్లు శుభ్రంగా ఉంది. గడ్డం కింద, చెవుల వెనక, ఎండ తగలకపోయినా గాలి తగిలే చోట మాత్రం దద్దుర్లు. "ఇది ఎండ పని కాదు, గాలిలో వచ్చేది. మీ పొలంలో వయ్యారిభామ ఉందా?" అన్నారు.

అందులో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుందట. మొక్కను ముట్టుకోకపోయినా ఎండిన ఆకుల పొడి గాలికొచ్చి పడితే చాలు. ఏళ్ల తరబడి ఒంటికి సరిపడింది కూడా ఒకరోజు సరిపడకుండా పోతుంది. చామంతిదీ అదే కుటుంబం కాబట్టి మా ఆవిడ కుండీలన్నీ మా అన్నయ్య ఇంటికి చేరాయి. ప్రతి కార్తీకంలో ఆ మాట ఎత్తి పొడుస్తూనే ఉంటుంది.

పీకొద్దని కాదు నా మాట. వాన పడి నేల మెత్తబడ్డాక, పూత రాకముందే వేళ్లతో సహా పీకాలి. పూత వచ్చాక పీకితే పుప్పొడి మొహాన పడుతుంది, గింజలూ వేలల్లో రాలతాయి. చేతులకు గ్లౌజులు, అవి లేకపోతే మందపాటి ప్లాస్టిక్ సంచులు, పొడుగు చేతుల చొక్కా, ముఖానికి తువ్వాలు ఉండాలి. పని కాగానే సబ్బుతో కడుక్కుని, ఆ బట్టలు విడిగా ఉతుక్కోవాలి. ఎండిన మొక్కలను తగలబెట్టకూడదు. రోడ్ల పక్కనైతే లీటరు నీళ్లలో 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టినా మాడిపోతుంది. చేలో మాత్రం కొట్టొద్దు, నేల చెడుతుంది.

ఉపాధి హామీ కూలీలకు, పంచాయతీ పారిశుధ్య కార్మికులకు గ్లౌజులు ఇచ్చాకే ఈ పని చెప్పాలని అధికారులను కోరుతున్నాను. బడిపిల్లలను అసలు దించొద్దు.

- ఒక మిర్చి రైతు, పల్నాడు జిల్లా