హ్యూ నగరంలో రాజవిందు: మా అమ్మ భోజనం గురించి ఫిర్యాదు

హనుమకొండ,
24 మార్చి 2025.

మేనేజర్ గారికి,
విదేశీ యాత్రల విభాగం,
హైదరాబాద్ ఆఫీసు.

విషయం: 2025 మార్చి 14 రాత్రి వియత్నాంలోని హ్యూ నగరంలో మీరు బుక్ చేసిన 'రాజవిందు'లో శాకాహారికి రొయ్యలు, చేపల సాస్ వడ్డించడం గురించి.

అయ్యా,

నేను, మా వారు, మా అమ్మాయి, మా అమ్మ మీ ఏడు రోజుల వియత్నాం ప్యాకేజీలో వెళ్లి వారం కిందట తిరిగొచ్చాం. విమానాలు, హోటళ్లు, కార్లు అన్నీ చెప్పిన టైముకే ఉన్నాయి. వాటి మీద నాకే ఫిర్యాదూ లేదు. ఈ ఉత్తరమంతా ఒక్క పూట భోజనం గురించే.

మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. పుట్టి బుద్ధెరిగాక నీసు ముట్టని మనిషి. జనవరిలో డబ్బు కట్టినప్పుడు మీ ఫారంలో 'ఒకరు శాకాహారి. మాంసం, చేప, రొయ్య, గుడ్డు ఏవీ తినరు' అని రాసిచ్చాను. వియత్నాం వంటల్లో నూక్ మామ్ అనే చేపల సాస్ మనం ఉప్పు వేసినంత మామూలుగా వేస్తారని తర్వాత తెలిసింది. దాంతో టెన్షన్ పట్టుకుని మార్చి 1న మీ ఆఫీసుకు మళ్లీ వాట్సాప్ చేశాను. 'నోటెడ్ మేడమ్, వెజ్ కన్ఫర్మ్' అని జవాబొచ్చింది, పక్కన బొటనవేలు బొమ్మతో సహా. అది ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ప్రింటు తీసి జతచేశాను.

హ్యూ మామూలు ఊరు కాదని మీ బ్రోచర్లోనే రాశారు. 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ రాజులకు రాజధాని. అక్కడి కట్టడాలను యునెస్కో 1993లోనే ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రాజుల వంటశాల నుంచి వచ్చిన వంటకాలను ఇప్పటికీ పద్ధతిగా వడ్డించే చోటు అని చెప్పి, మనిషికి 12 లక్షల డాంగ్ అంటే మన లెక్కలో సుమారు 4,100 రూపాయలు ఈ ఒక్క విందుకే చూపించారు. (అక్కడ అందరమూ లక్షాధికారులమే.)

ఆ చోటు నిజంగా బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? పాతకాలపు చెక్క ఇల్లు, ముందు తామర కొలను, అరుగు మీద ఒంటి తీగ వాద్యం వాయిస్తున్న ఒక పెద్దాయన. మొదట వచ్చిన పళ్లెంలో వేయించిన రోల్స్‌ను నెమలి పింఛంలా పేర్చి, క్యారెట్‌తో చెక్కిన నెమలి తల పెట్టారు. మా అమ్మాయి ఫొటోలు తీసే దాకా ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు. మా ముగ్గురికీ ఆ పూట భోజనం ఎంతో నచ్చింది. ఆ మాట రాయాలంటేనే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఎందుకంటే రెండో వంతుగా బాన్ బెయో వచ్చింది. చిన్న చిన్న సాసర్లలో ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి బిళ్లలు, చూడటానికి పలచని బుల్లి ఇడ్లీల్లా ఉంటాయి. పైన ఎండు రొయ్యల పొడి చల్లుతారు, పక్కన చేపల సాస్ పెడతారు. అమ్మ ముందు పెట్టిన సాసర్లలో పైన పొడి లేదు. సరే, విడిగా చేశారు కాబోలు అనుకున్నాను. ఇడ్లీల్లా ఉన్నాయని అమ్మ కూడా సంతోషించి రెండు తింది. మూడోది చేతిలోకి తీసుకుని, 'నీసు వాసన వస్తోందే' అంది.

'కొత్త దేశం, కొత్త వాసనలు ఉంటాయమ్మా, తిను' అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే. మీ 'వెజ్ కన్ఫర్మ్' నమ్మి అన్నాను.

మా అమ్మాయికి అనుమానమొచ్చి సాసర్ని దీపం దగ్గర పెట్టి చూసింది. అంచులకు ఎర్రటి రొయ్యల నలుసులు అంటుకుని ఉన్నాయి. పైపొడి గీకేసి తెచ్చారన్నమాట. ముంచుకుని తిన్న గిన్నెలో ఉన్నది చేపల సాసే. వడ్డించే అబ్బాయిని అడిగితే, 'చేప లేదు, సాస్ మాత్రమే' అన్నాడు. అతను మోసం చేశాడని నేననను. చేప ముక్క కనపడకపోతే చాలని అతను నిజంగానే అనుకున్నాడు. అమ్మ లేచి వెళ్లి నాలుగుసార్లు నోరు పుక్కిలించి వచ్చి కూర్చుంది. ఆ రాత్రి ఇంకేమీ తినలేదు. తామర గింజలతో చేసిన తీపి, మన పాయసం కంటే పల్చగా ఉంటుంది, ఉచితంగా తెచ్చి పెట్టారు. వాసన చూసి పక్కకు జరిపింది. హోటల్ గదికి వెళ్లాక ఒక అరటిపండు తిని పడుకుంది.

ఇక అసలు సంగతి. వంటగది నుంచి ఒక పెద్దావిడ బయటికి వచ్చి, ఫోన్లో అనువాదం పెట్టుకుని మాతో మాట్లాడింది. మీ కంపెనీ పంపిన బుకింగ్ కాగితం చూపించింది. అందులో ఉన్నది మూడే ముక్కలు: 'నలుగురు, ఇండియన్స్, బీఫ్ వద్దు.'

శాకాహారి అన్న మాటే అందులో లేదు. ఇండియన్స్ అనగానే బీఫ్ ఒక్కటి మానేస్తే చాలని మీ ఆఫీసులో ఎవరో తేల్చేశారు. నేను ఫారంలో రాసిన నాలుగు పదార్థాలూ, వాట్సాప్‌లో అడిగిన చేపల సాసూ ఎక్కడ రాలిపోయాయో మీరే చెప్పాలి. మేం కూర్చున్నాక 'వెజిటేరియన్' అని చెప్పాం కాబట్టి వాళ్లు అప్పటికప్పుడు రొయ్యల పొడి గీకారు. అది వాళ్ల తప్పే. అయితే ఒక్కరోజు ముందు చెప్పి ఉంటే పుట్టగొడుగులు, టోఫు, తామర గింజల అన్నంతో పూర్తి శాకాహార రాజవిందు చేసి పెట్టేవాళ్లమని ఆవిడ అంది. అలాంటి మెనూ కార్డు విడిగా ఉంది కూడా, కళ్లారా చూశాను. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఆ ఊరి గురించి మీకు తెలియాల్సిన విషయం ఇంకొకటి ఉంది. అక్కడ బౌద్ధం బలంగా ఉంది. చాంద్రమానంలో నెల మొదటి రోజు, పదిహేనో రోజు చాలామంది మాంసం, చేపలు మానేసి భోంచేస్తారు. దాన్ని 'అన్ చాయ్' అంటారు. మన చాయ్ లాగే వినపడుతుంది, అమ్మ కూడా మొదట టీ అనుకుంది. మేం విందుకు వెళ్లిన మార్చి 14 మనకు హోలీ పౌర్ణమి, వాళ్లకు సరిగ్గా ఆ పదిహేనో రోజు. ఊళ్లో ఎంతోమంది శాకాహారం తింటున్న రాత్రి మా అమ్మ ముందు రొయ్యలు పెట్టారు! బుకింగ్ కాగితంలో 'చాయ్' అన్న ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేది.

మర్నాడు పొద్దున హోటల్ రిసెప్షన్ అమ్మాయి ఒక చీటీ మీద ఆ మాట రాసిచ్చింది. గుడి పక్క సందులో ప్లాస్టిక్ స్టూళ్లు వేసి ఉన్న చిన్న దుకాణంలో చీటీ చూపించాం. దుకాణం నడిపే ఆవిడ చదివి, గోడ మీది బుద్ధుడి పటం వైపు వేలు చూపించి నవ్వింది. 25,000 డాంగ్‌కు, అంటే వంద రూపాయలు కూడా కాదు, వేడివేడి నూడుల్స్. అమ్మ రెండోసారి వేయించుకుంది. తర్వాత టూర్ అంతా ఆ చీటీ అమ్మ పర్సులోనే ఉంది.

బిల్లు సంగతి కూడా చెప్పాలి. నీళ్లు, టీ ప్యాకేజీలో కలిపే ఉన్నాయని మీ బ్రోచర్లో ఉంది. అక్కడ నీళ్లకు 1,20,000, తామర టీకి 1,80,000 డాంగ్ వేశారు. 5 శాతం సర్వీసు చార్జీ, దాని మీద 8 శాతం పన్ను కలిపితే 3,40,200 డాంగ్, మన డబ్బులో సుమారు 1,160 రూపాయలు. రాజు, రాణి వేషాలు వేసుకుని ఫొటోలు దిగింది మా ఇష్టంతోనే, ఆ డబ్బు నేను అడగను. తడి తువ్వాళ్లకూ, బల్ల మీద ముందే పెట్టిన పల్లీలకూ డబ్బు తీసుకోవడం ఆ దేశంలో మామూలేనట. దాని మీద తగవు లేదు గానీ, ఆ ముక్క ముందు చెప్పాల్సింది మీరు.

తిరిగొచ్చాక మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. 'ఫారిన్‌లో కొంచెం అడ్జస్ట్ అవ్వాలి మేడమ్' అన్నాడు ఆ అబ్బాయి. తర్వాతి టూర్‌లో వాడుకోవడానికి 500 రూపాయల కూపన్ పంపించాడు. ఆ కూపన్ వాడను. రద్దు చేసుకోండి.

నేను అడిగేవి ఇవీ. అమ్మ విందుకు తీసుకున్న 4,100 రూపాయలు, నీళ్లకూ టీకీ మా దగ్గర వసూలైన 1,160 రూపాయలు, మొత్తం 5,260 రూపాయలు నా బ్యాంకు ఖాతాలో వేయాలి. నా ఫారంలో రాసింది ఆ కాగితంలోకి ఎందుకు చేరలేదో రాతపూర్వకంగా చెప్పాలి. ఇకమీదట వియత్నాం బుకింగులన్నిటిలో శాకాహారుల కోసం వాళ్ల భాషలోనే 'చాయ్' అని, చేపల సాస్, రొయ్యల ముద్ద కూడా వద్దని స్పష్టంగా రాయాలి. ఆ రెస్టారెంట్ వాళ్లకు కూడా ఈ ఉత్తరం సారాంశం మీరే చేర్చండి. రొయ్యల పొడి గీకడం కన్నా, 'మా దగ్గర ఈ పూట శాకాహారం లేదు' అని చెప్పి ఉంటే అమ్మ పండ్లు తినేది.

15 రోజుల్లో జవాబు రాకపోతే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేస్తాను. ఆ తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను.

క్షమాపణ నాకు అక్కర్లేదు, అమ్మకు చెప్పండి. ఆమెకు ఫోన్లో మాటలు సరిగ్గా వినపడవు. కాబట్టి ఉత్తరమే రాయండి, తెలుగులో, కాస్త పెద్ద అక్షరాల్లో.

ఇట్లు,
మీ ప్యాకేజీలో వెళ్లొచ్చిన యాత్రికురాలు

జతచేసినవి: బుకింగ్ ఫారం నకలు, వాట్సాప్ సంభాషణ ప్రింటు, రెస్టారెంట్ బిల్లు, వాళ్లు చూపించిన బుకింగ్ కాగితం ఫొటో.